పాత బుల్లెట్ వేడెక్కాక కిక్కు అందుకోవడం లేదు, పైగా కాలిని ఎదురు తన్నుతోంది: ఏం చేయాలి?

ప్రశ్న: హాలియా_350

మా నాయన వాడిన బుల్లెట్ 350 ఈ మధ్యనే నా చేతికి వచ్చింది. 1980ల నాటి బండి. పోత ఇనుప ఇంజను, నాలుగు గేర్ల పెట్టె, కుడి కాలికి గేరు, ఎడమ కాలికి బ్రేకు, పాయింట్ల ఇగ్నిషన్ (పాయింట్లు అనే చిన్న స్విచ్చు విడివడగానే నిప్పు పడేది), మైక్‌కార్బ్ కార్బురేటరు, హెడ్‌లైటు మీది కప్పులో చిన్న అమ్మీటరు, ఎడమ హ్యాండిలుకు డీకంప్రెసర్ లివరు (సిలిండరులోని ఒత్తిడిని వదిలేది), అన్నీ మొదటి నుంచి ఉన్నవే. బ్యాటరీ మాత్రం కొత్తది వేయించాను.

ఉదయం పూట చోక్ వేసి కొడితే కొద్ది కిక్కులకే అందుకుంటుంది. హాలియా నుంచి నల్లగొండ దాకా ఎక్కడా ఆగకుండా వెళ్తుంది. చిక్కల్లా అక్కడ ఎండలో నిలిపి, పని చూసుకొని అరగంట తరువాత తిరిగి వచ్చినప్పుడే. ఎంత కొట్టినా ఇంజను పలకదు. పలికినా ఒక్కసారి పలికి ఆగిపోతుంది. కొన్నిసార్లు కిక్ రాడ్ సగం దాకా దిగి, ఎంతో బలంగా వెనక్కి తన్నుతుంది. మొన్న అలా తన్నినప్పుడు మడమ పైభాగం వాచి, రెండు రోజులు చెప్పులు కూడా తొడుక్కోలేకపోయాను. ఈ ఎదురు తన్నడం మునుపు లేదని, పాయింట్లు కొత్తవి వేయించిన తరువాతే మొదలైందని నాకు అనిపిస్తోంది. వేసిన మెకానిక్ ఖాళీ కొలిచే పత్తీల గేజీ పెట్టి కొలవలేదు, కంటి అంచనాతోనే బిగించాడు.

అమ్మీటరు ముల్లు చూసుకుంటూ కిక్కు కొట్టాలని పెద్దలు అంటుంటారు. ఆ పద్ధతి ఏమిటో, ముల్లుకూ పిస్టనుకూ సంబంధం ఏమిటో ఎవరైనా వివరంగా చెప్పగలరా? డీకంప్రెసర్‌ను ఎప్పుడు నొక్కాలి, ఎప్పుడు వదలాలి? కొట్టేటప్పుడు యాక్సిలరేటర్ కొద్దిగా తిప్పి ఉంచమని ఒకరు, అసలు ముట్టుకోవద్దని మరొకరు చెబుతున్నారు. కాలిలో బలం చాలక ఇలా అవుతోందని మా బావ ఆటపట్టిస్తున్నాడు కాబట్టి ఆ విషయం కూడా తేల్చవలసిందిగా కోరుతున్నాను.

జవాబు: మిర్యాలగూడ_ఫిట్టర్

ముందుగా మీ బావగారి మాట తేలుద్దాం. బుల్లెట్‌ను స్టార్టు చేయడానికి కావలసింది బలం కాదు. కిక్కు కొట్టే ముందు పిస్టన్ ఎక్కడ ఉందో తెలిసి ఉండాలి, అంతే. అరవై కిలోల మనిషి పాదం మోపి శరీర బరువు దించితే ఈ ఇంజను తిరుగుతుంది. ఆ బరువు పిస్టన్ సరైన చోట ఉన్నప్పుడు పడుతోందా లేదా అన్నదే ప్రశ్న.

ఈ ఇంజనుకు 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, 346 సీసీ. స్ట్రోకు పొడవైనది, ఫ్లైవీళ్లు బరువైనవి. ఫోర్ స్ట్రోకు ఇంజను కనుక క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒక్కసారి మాత్రమే కంప్రెషన్ వస్తుంది, ఒక్కసారి మాత్రమే నిప్పు పడుతుంది. పిస్టన్ కంప్రెషన్‌లో సగం దూరం ఎక్కి ఉన్నప్పుడు మీరు కిక్కు కొట్టారనుకోండి. కాలి బలమంతా ఆ గాలిని నొక్కడానికే సరిపోతుంది, ఫ్లైవీలు వేగం అందుకోదు. అదే పిస్టన్ సిలిండరు పై చివరను దాటి కొద్దిగా దిగిన చోటు నుంచి కిక్కు మొదలుపెడితే, మళ్లీ కంప్రెషన్ ఎదురయ్యేలోపు దాదాపు ఒకటిన్నర చుట్టు అడ్డేమీ లేకుండా తిరుగుతుంది. ఆ లోపు ఫ్లైవీలులో చేరిన వేగమే తరువాతి కంప్రెషన్‌ను దాటిస్తుంది, పని మీ కాలి మీద పడదు. పెద్దలు చెప్పే పద్ధతులన్నీ ఆ ఒక్క చోటును వెదికి పట్టుకోవడానికే.

ఇప్పుడు అమ్మీటరు సంగతి. మీ బండిలో పాయింట్లు డిస్ట్రిబ్యూటరులో ఉంటాయి, అది క్రాంకు తిరిగే వేగంలో సగం వేగంతో తిరుగుతుంది. కాబట్టి పాయింట్లు రెండు చుట్లకు ఒక్కసారే, అదీ కంప్రెషన్ చివరనే విడివడతాయి. ఎగ్జాస్టు స్ట్రోకులో విడివడవు. తాళం వేసి (అంటే ఇగ్నిషన్ ఆన్ చేసి) ఉంచినప్పుడు పాయింట్లు మూసుకొని ఉంటే ఇగ్నిషన్ కాయిలు బ్యాటరీ నుంచి మూడు నాలుగు ఆంపియర్లు లాగుతుంది, అప్పుడు ముల్లు డిశ్చార్జి వైపు వాలి ఉంటుంది. పాయింట్లు విడివడగానే ఆ కరెంటు ఆగిపోయి ముల్లు మధ్యకు వస్తుంది. అంటే ముల్లు మధ్యకు దూకిన క్షణాన పిస్టన్ కంప్రెషన్ స్ట్రోకులో దాదాపు పై చివరన ఉన్నట్టు లెక్క. బ్యాటరీని చూపడానికి పెట్టిన ఆ మీటరు పిస్టన్‌ను కూడా చూపుతుందన్నమాట.

పద్ధతి ఇలా ఉంటుంది. బండిని సెంటర్ స్టాండు మీద నిలిపి, న్యూట్రల్‌లో ఉందని నిర్ధారించుకోండి. గేరు పెట్టె దగ్గర న్యూట్రల్ కోసం వేరే పెడలు ఉంటుంది. ఫస్టు గేరు తప్ప మిగతా ఏ గేరులో ఉన్నా దాన్ని ఒక్కసారి నొక్కితే న్యూట్రల్‌కు వస్తుంది. తాళం వేయకముందే క్లచ్ లివరు పట్టుకొని ఒకటి రెండు కిక్కులు కొట్టండి, రాత్రంతా అతుక్కున్న క్లచ్ ప్లేట్లు విడిపోతాయి. చల్లటి ఇంజనుకైతే చోక్ వేసి, డీకంప్రెసర్ నొక్కి పట్టి, తాళం లేకుండానే మరికొన్ని సార్లు తిప్పితే సిలిండరులోకి పెట్రోలు ఆవిరి చేరుతుంది. ఆ తరువాత లైట్లన్నీ ఆపి తాళం వేయండి. కిక్ రాడ్‌ను కొట్టకుండా నెమ్మదిగా, గట్టిదనం తగిలే దాకా పాదంతో దించండి, కన్ను ముల్లు మీద ఉంచండి. ముల్లు మధ్యకు రాగానే ఆగి, డీకంప్రెసర్ నొక్కి, రాడ్‌ను ఇంకొక రెండు మూడు అంగుళాలు మాత్రమే దించి, లివరు వదిలేయండి. రాడ్‌ను పూర్తిగా పైకి రానివ్వండి. ఇప్పుడు యాక్సిలరేటర్ ముట్టుకోకుండా, పైనుంచి కింది దాకా ఒకే ఊపున, మధ్యలో ఎక్కడా ఆపకుండా దించండి. కొట్టేది కాలి వేళ్లతో కాదు, అరికాలి నడిమి భాగంతో. మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. నిటారుగా బిగిస్తే ఎదురు దెబ్బ నేరుగా కీలుకు తగులుతుంది. చెప్పులతో కొట్టడం మానండి, మడమ దగ్గర గట్టి అంచున్న బూటు తొడుక్కోండి.

యాక్సిలరేటర్ గురించి ఇద్దరూ చెప్పింది చెరి సగం నిజం. ఇంజను మామూలుగా ఉన్నప్పుడు తిప్పకూడదు, ఎందుకంటే మూసి ఉన్నప్పుడే స్లో స్పీడ్ జెట్టు మీద ఇంజను పీల్పు బాగా పడుతుంది. పెట్రోలు ఎక్కువై నిండిపోయినప్పుడు మాత్రం పూర్తిగా తెరిచి తిప్పవలసి ఉంటుంది.

ఇక ఎదురు తన్నడం. కిక్ రాడ్‌కు ఇంజనుకు నడుమ ఉన్న పళ్లు ఒకే వైపు పట్టు విడిచేలా ఉంటాయి: ఇంజను ముందుకు తిరిగి వేగం అందుకుంటే పట్టు విడిపోతుంది, రాడ్ ఖాళీగా మిగులుతుంది. కానీ పిస్టన్ పై చివరకు చేరకముందే నిప్పు పడి ఇంజను వెనక్కి తిరిగితే, ఆ పళ్లు గట్టిగా పట్టుకొని రాడ్‌నూ మీ కాలినీ కలిపి పైకి విసురుతాయి. ఇలా వెనక్కి తిరగడానికి కారణం సాధారణంగా రెండింటిలో ఒకటి: కిక్కు సగంలో నెమ్మదించడం, లేదా టైమింగ్, అంటే నిప్పు పడే సమయం, ముందుకు జరిగి ఉండటం. మీ బండిలో పాయింట్లు కొత్తవి వేసిన తరువాతే ఇది మొదలైందంటున్నారు కాబట్టి నా అనుమానం రెండవ దాని మీదే. పాయింట్ల ఖాళీ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. ఖాళీ పెరిగేకొద్దీ పాయింట్లు ముందుగా విడివడతాయి, నిప్పు కూడా ముందుగానే పడుతుంది. కంటి అంచనాతో బిగించినప్పుడు ఖాళీ ఎక్కువగా ఉండిపోవడమే తరచుగా జరుగుతుంది. ముందు గేజీతో ఖాళీ సరిచేసి, తరువాతే టైమింగ్ చూడాలి. ఈ క్రమం తారుమారైతే రెండూ చెడతాయి. 350కి పిస్టన్ పై చివరకు 0.8 మిల్లీమీటర్ల ముందు పాయింట్లు విడివడాలి.

డిస్ట్రిబ్యూటరులోనే, పాయింట్ల పలక కింద, అడ్వాన్సు బరువులు రెండు స్ప్రింగులతో ఉంటాయి. ఇంజను వేగం పెరిగినప్పుడు అవి విచ్చుకొని టైమింగ్‌ను ముందుకు జరుపుతాయి, వేగం తగ్గినప్పుడు స్ప్రింగులు వెనక్కి లాగుతాయి. తుప్పు పట్టి విచ్చుకున్న చోటనే బిగుసుకుపోతే, కిక్కు కొట్టేటప్పుడు కూడా ఇంజను పరుగులో ఉన్నంత అడ్వాన్సుతోనే నిప్పు పడుతుంది. వేలితో పాయింట్లను తెరిచే క్యామును తిప్పి వదిలి చూడండి. టక్కున వెనక్కి రావాలి. బద్ధకంగా వచ్చినా, రాకపోయినా విప్పి శుభ్రం చేయవలసిందే. ఇది సరిచూసే దాకా బండిని కొట్టకండి. ఎదురు తన్నిన కిక్కు కాలి ఎముకలు విరిచిన సందర్భాలు మా మెకానిక్కుల్లో చాలామందికి తెలుసు.

జవాబు: పాలమూరు_పాత_ఇంజన్లు

ఫిట్టర్ గారు చెప్పిన టైమింగ్ విషయం పూర్తిగా ఒప్పుకుంటాను. అమ్మీటరు మీద అంత నమ్మకం పెట్టుకోవడం మాత్రం నాకు సమ్మతం కాదు. ముప్పై నలభై ఏళ్ల మీటరులో ముల్లు సగం సార్లు అతుక్కొని ఉంటుంది, బజారులో దొరికే కొత్త మీటర్లలో చాలా వాటికి ముల్లు కదలికే స్పష్టంగా కనబడదు, మన పాలమూరు మిట్టమధ్యాహ్నపు ఎండలో అద్దం మీద వెలుగు తప్ప ఏమీ కనిపించదు. పైగా ముల్లు వంక చూస్తూ తాళం వేసి అలాగే నిలబడితే, పాయింట్లు మూసి ఉన్న ప్రతి క్షణం కాయిలు వేడెక్కుతూ బ్యాటరీ ఖర్చవుతూ ఉంటుంది. ముల్లు నేర్చుకునేవారికి మంచి గురువే. అయినా నేర్చుకోవలసింది మాత్రం పాదమే. రాడ్‌ను నెమ్మదిగా దించుతున్నప్పుడు రెండు చుట్లకు ఒకసారి గోడలాంటి గట్టిదనం తగులుతుంది, అదే కంప్రెషన్. నాలుగు వారాలు బండి నడిపిన మనిషికి చీకట్లో కూడా ఆ చోటు తెలుస్తుంది.

వేడి ఇంజను పలకకపోవడం వేరే విషయం, దాన్ని ఎదురు తన్నడంతో కలిపి చూడకూడదు. దానికి నేను మొదట చూసేది కండెన్సరును, అంటే పాయింట్ల నడుమ మెరుపు రాకుండా అణిచే చిన్న భాగాన్ని. చల్లగా ఉన్నప్పుడు బాగానే పనిచేసి, ఇంజను వేడి పట్టాక చేతులెత్తేయడం పాత కండెన్సర్ల లక్షణం. పాయింట్లు మార్చినప్పుడు కండెన్సరు కూడా మార్చారా లేదా అన్నది మీరు రాయలేదు. పరీక్ష సులభం: బండి వేడిగా మొరాయించినప్పుడు మూత తీసి, తాళం వేసి, పాయింట్లను వేలుగోటితో కాకుండా చెక్క పుల్లతో తెరిచి మూసి చూడండి. వాటి నడుమ లావుగా పసుపు రంగు మెరుపు కనిపిస్తే కండెన్సరు పోయినట్టే. ప్లగ్ విప్పి ఇంజనుకు ఆనించి నిప్పు చూస్తే అది కూడా నీలంగా, చిటపటలాడుతూ ఉండదు; సన్నగా, ఎర్రగా ఉంటుంది. కాయిలు కూడా వేడికి బలహీనపడుతుంది, కాని కండెన్సరు చవక కనుక ముందు దాన్నే మార్చండి.

రెండవ అవకాశం పెట్రోలు నిండిపోవడం. ఏప్రిల్, మే నెలల్లో ఎండలో నిలిపిన బండిలో ఇంజను వేడి కార్బురేటరుకు ఎక్కి, బౌలులోని పెట్రోలు ఆవిరై లోపలికి చేరుతుంది. అప్పుడు మిశ్రమం మామూలు కన్నా చిక్కగా ఉంటుంది. వేడి ఇంజనుకు చోక్ వేస్తే అది ఇంకా పెరుగుతుంది. అందుకే మధ్యాహ్నం చోక్ జోలికి పోకూడదు. ఇలా నిండిందని అనుమానం వస్తే పెట్రోలు కాక్ మూసి, తాళం తీసేసి, డీకంప్రెసర్ నొక్కి పట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి, కొన్ని కిక్కులు నింపాదిగా కొట్టండి. లోపల ఎక్కువైనదంతా బయటకు పోతుంది. తరువాత యాక్సిలరేటర్ మూసి, కాక్ తెరిచి, తాళం వేసి, మొదట చెప్పిన పద్ధతిలో ఒక్క మంచి కిక్కు కొట్టండి. ఇక్కడ చాలామంది చేసే పని కిక్కు మీద కిక్కు కొడుతూ పోవడం. ప్రతి కిక్కుకూ ఇంకొంత పెట్రోలు లోపలికి పోతుంది, ప్లగ్ ఇంకా తడుస్తుంది, మనిషి అలసిపోయి కిక్కు బలహీనపడుతుంది, బలహీన కిక్కుకే ఎదురు దెబ్బ తగులుతుంది. సరైన పద్ధతిలో అయిదారు కిక్కులకు పలకలేదంటే తప్పు కాలిది కాదు. ఆపి ప్లగ్ విప్పి చూడాలి. తడిసి ఉంటే నిప్పు లోపం లేదా పెట్రోలు ఎక్కువ కావడం, పొడిగా ఉంటే పెట్రోలే అందడం లేదు.

మూడవది చాలామంది మరిచిపోయేది. డీకంప్రెసర్ కేబులులో కొద్దిగా వదులు ఉండాలి. బిగుతుగా ఉంటే ఆ చిన్న వాల్వు ఎప్పుడూ కొంచెం తెరుచుకొని ఉండి కంప్రెషన్ కారిపోతుంది. హ్యాండిలు పూర్తిగా ఒక వైపు తిప్పినప్పుడు కేబులు లాగుకుంటుందేమో కూడా చూడండి. వాల్వులను కదిపే టాపెట్లు కూడా అంతే: చల్లటి ఇంజనులో పుష్ రాడ్ వేళ్లతో తిప్పితే తేలికగా తిరగాలి, పైకీ కిందికీ ఊగకూడదు. బిగుతుగా పెడితే వేడెక్కాక వాల్వు పూర్తిగా మూసుకోదు, వేడి ఇంజనుకు కంప్రెషన్ ఉండదు. మీ లక్షణాలకు ఇదీ సరిపోతుంది.

మిర్యాలగూడ వైపు తిరిగే బండ్లకు ఇంకొక మాట. రైస్ మిల్లుల దగ్గర గాలిలో ఊక దుమ్ము, బూడిద ఎక్కువ. ఎయిర్ ఫిల్టరు పూడుకుపోతే అది చోక్ వేసిన దానితో సమానం. ఫిట్టర్ గారికి ఇది నాకన్నా బాగా తెలిసి ఉంటుంది, ఎందుకు రాయలేదో మరి.

జవాబు: వనపర్తి_యెజ్డీ

బుల్లెట్ చర్చలోకి యెజ్డీవాడు వచ్చాడని అనుకోవద్దు. ఈ పేజీ చదివే వారిలో మైసూరు బండ్లు ఉన్నవారు కూడా ఉంటారు, పైన చెప్పినవి యథాతథంగా వాటికి వర్తించవు కనుక రాస్తున్నాను. మైసూరులో ఐడియల్ జావా కంపెనీ 1961లో జావాలతో మొదలుపెట్టి, తరువాత యెజ్డీ పేరుతో 1996 దాకా తయారు చేసిన ఈ 250 సీసీ బండ్లు టూ స్ట్రోకువి. ప్రతి చుట్టుకూ కంప్రెషన్ వస్తుంది, ప్రతి చుట్టుకూ నిప్పు పడుతుంది. పై చివరను వెదకడం, డీకంప్రెసర్‌తో దాటించడం వంటి తతంగం అక్కరలేదు. రాడ్‌ను కొద్దిగా గట్టిదనం తగిలే దాకా దించి, పైకి వదిలి, ఒక్కసారి చురుగ్గా కొడితే చాలు.

తెలియనివారిని తికమక పెట్టేది ఆ రాడ్ ఎక్కడుందన్నదే. కొత్తవాళ్లు బండి చుట్టూ తిరిగి కిక్ రాడ్ లేదని చెప్పడం నేను చూశాను. ఎడమ వైపున ఉన్న గేరు లివరే కిక్ రాడ్. దాన్ని లోపలికి నెట్టి పైకి తిప్పితే కిక్కుగా నిలబడుతుంది, కొట్టిన తరువాత మళ్లీ గేరు స్థానానికి తేవాలి. కాబట్టి న్యూట్రల్‌లో ఉందో లేదో తిప్పక ముందే చూసుకోవాలి.

వీటికి చల్లటి ఉదయం కావలసింది కార్బురేటరు మీది టిక్లర్ బటన్. దాన్ని నొక్కితే ఫ్లోటు మునిగి బౌలులో పెట్రోలు మట్టం పెరుగుతుంది; పెట్రోలు చెమర్చగానే వదలాలి, కారే దాకా పట్టుకుంటే నిండిపోతుంది. టూ స్ట్రోకులో ఎక్కువైన పెట్రోలు క్రాంక్ కేసులో నిలిచిపోతుంది కనుక తీయడం బుల్లెట్‌లో కన్నా కష్టం. ప్లగ్ విప్పి, కాక్ మూసి, యాక్సిలరేటర్ తెరిచి చాలాసేపు తిప్పవలసి వస్తుంది. అలాంటప్పుడు వైరు చివర బండికి దూరంగా పెట్టడం, తాళం తీసేయడం మరవకండి. ప్లగ్ రంధ్రం నుంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతున్నప్పుడు పక్కనే నిప్పు పడితే ప్రమాదం. ఆయిలు పెట్రోలులోనే కలపాలి. ఎక్కువ కలిపితే ప్లగ్ నల్లబడి కిక్కు అందుకోదు, తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది. ఇప్పటి 2టీ (టూ స్ట్రోకు) ఆయిలుతో నేను లీటరుకు 40 మిల్లీలీటర్లకు తగ్గించను.

స్కూటర్లను పక్కకు వంచి కొట్టే అలవాటు ఉన్నవారు కొందరు యెజ్డీని కూడా వంచుతుంటారు. చేతులు నొప్పి పెట్టడం తప్ప దానివల్ల యెజ్డీకి ఒరిగేదేమీ లేదు.

జవాబు: దేవరకొండ_మాగ్నెటో

మాగ్నెటో ఉన్న బండ్ల మాట ఎవరూ ఎత్తలేదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ సైన్యానికి లక్షకు పైగా తయారైన బీఎస్‌ఏ ఎం20 వంటివి మన దేశంలో సేకరించేవారి దగ్గర ఇప్పటికీ నడుస్తున్నాయి, అలాంటి దాన్ని నేనూ చాలాకాలంగా చూసుకుంటున్నాను. 496 సీసీ, సైడ్ వాల్వు ఇంజను. మాగ్నెటో తన కరెంటు తానే పుట్టించుకుంటుంది, బ్యాటరీతో దానికి పని లేదు. కాబట్టి అమ్మీటరు ముల్లు ఏమీ చెప్పదు. పాలమూరు వారు చెప్పినట్టు పాదంతోనే చూసుకోవాలి.

ఈ బండ్లకు టైమింగ్‌ను ముందుకూ వెనక్కూ జరపడానికి హ్యాండిలు మీద లివరు ఉంటుంది, అడ్వాన్సు బరువుల పని రైడరే చేయాలి. కిక్కు కొట్టే ముందు దాన్ని వెనక్కి, అంటే రిటార్డు వైపు జరిపి తీరాలి. మరిచిపోయి పూర్తి అడ్వాన్సులో కొట్టినవారికి ఎదురు తన్నడం అంటే ఏమిటో ఇక ఎవరూ చెప్పనక్కరలేదు. మరీ పూర్తిగా వెనక్కి జరిపితే నిప్పు బలహీనపడుతుంది కనుక నేను సగం కన్నా కొద్దిగా వెనక ఉంచుతాను. ఇంజను అందుకున్న వెంటనే ముందుకు జరపాలి, లేకపోతే ఎగ్జాస్టు పైపు ఎర్రగా కాలుతుంది.

హాలియా వారికి ఒక మాట: మాగ్నెటోకు తిరిగే వేగమే ప్రాణం, కనుక మా బండ్లకు కిక్కు చురుగ్గా పడాలి. మీ కాయిలు ఇగ్నిషన్‌కు బ్యాటరీ బాగుంటే నెమ్మదైన తిప్పుడుకు కూడా మంచి నిప్పు పడుతుంది. బ్యాటరీ కొత్తదన్నారు, అందులో డిస్టిల్డ్ వాటరే పోయండి, మన జిల్లా బోరు నీటిలోని ఉప్పులు ప్లేట్లను త్వరగా పాడు చేస్తాయి.

ప్రశ్న కొనసాగింపు: హాలియా_350

అందరికీ ధన్యవాదాలు. గేజీ కొని చూశాను. 0.40 పత్తీ పాయింట్ల నడుమ వదులుగా ఆడింది, 0.60 పత్తీ కూడా సులభంగానే దూరింది. ఫిట్టర్ గారి అనుమానమే నిజమని తేలింది. ఖాళీ సరిచేసి, నల్లగొండలో మరొక మెకానిక్ దగ్గర బల్బు పెట్టి టైమింగ్ చూపించాను. అడ్వాన్సు బరువులు బాగానే వెనక్కి వస్తున్నాయి. ఆ తరువాత ఎదురు తన్నడం లేదు. కండెన్సరు మార్చనిది నిజమే. పాయింట్ల నడుమ పసుపు మెరుపు కూడా కనిపించింది, కొత్తది తెప్పిస్తున్నాను.

ఇంకొక సందేహం. పండుగలకు, పెళ్లిళ్లకు ఊళ్లకు పోయినప్పుడు బండి వారాల తరబడి కదలదు. తిరిగి వచ్చాక మొదటి కిక్కు విపరీతంగా బరువుగా ఉండి, అందుకున్న తరువాత చాలాసేపు నీలి పొగ వస్తుంది. ఇది కూడా టైమింగ్ వల్లనేనా?

జవాబు: మిర్యాలగూడ_ఫిట్టర్

ఇది టైమింగ్ కాదు, ఆయిలు. బుల్లెట్‌కు ఆయిలు ట్యాంకు విడిగా లేదు, క్రాంక్ కేసు పోతలోనే వెనక భాగం ట్యాంకుగా పనిచేస్తుంది. బండి చాలాకాలం నిలబడితే ఆయిలు పంపు సందుల నుంచి నెమ్మదిగా కారి ఫ్లైవీళ్లు తిరిగే గదిలో చేరుతుంది. మొదటి కిక్కు బరువుగా ఉండటానికి కారణం ఫ్లైవీళ్లు ఆయిలులో మునిగి ఉండటం. నీలి పొగ ఆ ఆయిలు పిస్టన్ రింగులు దాటి కాలిపోవడం. కొద్దిగా చేరితే పంపే దాన్ని తిరిగి లాగేసుకుంటుంది, కంగారు అక్కరలేదు. విపరీతంగా బరువుగా ఉందంటున్నారు కాబట్టి మీరు బలవంతంగా కొట్టకుండా ఇంజను కింద ఉన్న డ్రెయిన్ బోల్టు విప్పి, ఆ గదిలో చేరిన ఆయిలును గిన్నెలోకి దించి, శుభ్రంగా ఉంటే వడకట్టి మళ్లీ ట్యాంకులో పోయండి. ఇంజను కింద బోల్టులు ఒకటి కన్నా ఎక్కువ ఉంటాయి; ట్యాంకుది విప్పితే ఆయిలంతా నేల మీద ఉంటుంది, కనుక ఏది ఏదో ముందు తెలుసుకోండి. ప్రతిసారీ ఇదే జరుగుతుంటే పంపు అరిగిందేమో చూపించాలి.

బండిని నిలిపి పోయేటప్పుడు పెట్రోలు కాక్ మూసి, ఇంజను తానుగా ఆగే దాకా నడవనివ్వండి. కార్బురేటరు బౌలు ఖాళీ అవుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు వాషర్లను మెత్తబరుస్తుంది. నెలల తరబడి బౌలులో నిలిచిన పెట్రోలు ఆవిరై మిగిలిన జిగురు స్లో స్పీడ్ జెట్టును మూసేస్తుంది, అప్పుడు ఎంత మంచి కిక్కుకైనా బండి చోక్ మీద తప్ప నడవదు. ట్యాంకును మాత్రం నిండుగా ఉంచండి, ఖాళీ ట్యాంకులో తుప్పు పడుతుంది.

తిరిగి వచ్చిన రోజు తాళం వేయకుండా, డీకంప్రెసర్ నొక్కి, నింపాదిగా ఇంజనును తిప్పండి. వాల్వుల దగ్గరకు ఆయిలు చేరుతుంది, క్లచ్ విడిపోతుంది. ఆ తరువాతే చోక్, తాళం, ముల్లు. కొత్త పాయింట్లలో క్యాముకు ఆనే ఫైబరు మడమ మొదట్లో త్వరగా అరిగి ఖాళీ తగ్గుతుంది, కాబట్టి అయిదారు వందల కిలోమీటర్ల తరువాత గేజీ మరొకసారి పెట్టి చూడండి, క్యాము మీద చిటికెడు గ్రీజు రాయండి. గ్రీజు ఎక్కువై పాయింట్ల మొహాల మీద పడితే మళ్లీ నిప్పు ఆగిపోతుంది. పాలమూరు వారు అడిగిన ఎయిర్ ఫిల్టరు సంగతి: మా వైపు కోతల కాలంలో వారానికి ఒకసారి దులపవలసిందే.